డబ్బా మీద చివరి అంకె, రాగిరేకు మీద గురువారం

ఈ ఎపిసోడ్ ఒక పూతరేకుల డబ్బాతో మొదలుపెడతాను.

పోయిన నెల హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్తూ, ఉత్త చేతులతో ఏం వెళ్తాంలే అని, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు నాలుగు కొన్నాను. రాజమండ్రిలోనే, ఒక సూపర్‌మార్కెట్‌లో. బిల్లు వేసే కుర్రాడు ఒక డబ్బాని ఎర్ర లైటు ముందు ఎన్నిసార్లు తిప్పినా పడలేదు. నెయ్యి జిడ్డుకి గీతలు మసకబారిపోయాయి. గీతల కింద పదమూడు అంకెలుంటాయి కదా, వాటిని చేత్తో కొట్టాడు. మిషన్ ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు, పడింది. "ఒక నంబరు తప్పు కొట్టానండి, దానికి తెలిసిపోద్ది" అన్నాడు.

దానికెలా తెలుస్తుంది? ఆ షాపు లిస్టులో లేని నంబరైతే తిరగ్గొడుతుంది, అది వేరే సంగతి. కానీ లిస్టు దాకా వెళ్లకముందే, కేవలం ఆ పదమూడు అంకెల్నే చూసి "ఇందులో ఏదో తేడా ఉంది" అని చెప్పే ఏర్పాటు ఒకటుంది. పదమూడో అంకె సరుకు గురించి ఏమీ చెప్పదు. దాని పనల్లా మిగతా పన్నెండింటినీ కాపలా కాయడమే. దీన్ని తనిఖీ అంకె అందాం. ఈ ఆలోచన చరిత్ర వెతుక్కుంటూ వెళ్తే నేను అమెరికా దాకా వెళ్లి, అక్కణ్నుంచి తిరిగి మన కోరుమిల్లి వచ్చి ఆగాను. అదే ఇవాళ్టి కథ.

ముందు లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. నేను ఊహించి ఒక నంబరు రాస్తున్నాను, ఇది ఏ సరుకుదో అని వెతక్కండి. మన దేశంలో నమోదైన కంపెనీల బార్‌కోడ్ నంబర్లు 890తో మొదలవుతాయి. దాని పక్కన రాజమండ్రి పిన్‌కోడ్ 533101 పెట్టాను, ఆ పక్కన 247. మొత్తం పన్నెండు అంకెలు: 890533101247. ఎడమ నుంచి లెక్కపెట్టి బేసి స్థానాల్లో ఉన్నవి కూడండి: 8, 0, 3, 1, 1, 4. పదిహేడు. సరి స్థానాల్లో ఉన్నవి 9, 5, 3, 0, 2, 7. ఇరవై ఆరు. ఈ ఇరవై ఆరుని మూడుతో హెచ్చవేస్తే 78. దానికి 17 కలిపితే 95. దీన్ని పక్కనున్న పదుల సంఖ్యకి చేర్చాలంటే ఎంత కావాలి? అయిదు. అదే తనిఖీ అంకె. నంబరు 8905331012475 అయింది.

ఇప్పుడు కుర్రాడు చివర్లో ఉన్న 4 బదులు 9 కొట్టాడనుకోండి. మొత్తం 100 అవుతుంది, తనిఖీ అంకె సున్నా రావాలి. అక్కడ అయిదుంది. దొరికిపోయాడు. ఏ ఒక్క అంకె మారినా ఇలాగే దొరుకుతుంది. మూడుతో హెచ్చవేయడంలో కిటుకు కూడా అదే: పదికీ మూడుకీ ఒకటి తప్ప ఉమ్మడి భాగహారం లేదు. మూడు బదులు రెండో అయిదో పెట్టుంటే కొన్ని తప్పులు ఆ సందులోంచి జారిపోయేవి.

అసలు మూడుతో ఎందుకు హెచ్చవేయాలి, ఊరికే కూడితే పోదా అంటారేమో. ఊరికే కూడితే 24 రాయబోయి 42 రాసినా మొత్తం మారదు. మనుషులు ఎక్కువగా చేసే తప్పుల్లో ఇదొకటి. పక్కపక్క అంకెలకి వేరే వేరే బరువులు పెడితే, తారుమారు చేసినప్పుడు మొత్తం మారుతుంది. మన నంబరులో 24ని 42 చేసి చూడండి, 95 కాస్తా 99 అవుతుంది.

అయితే ఇక్కడొక చిల్లు ఉంది. నేను రాసిన నంబరులో మూడు, నాలుగు స్థానాలు చూడండి: 0, 5. వాటిని తిరగేస్తే 890533 కాస్తా 895033 అవుతుంది. మొత్తం 95 నుంచి 85కి తగ్గుతుంది. తనిఖీ అంకె మళ్లీ అయిదే! మిషన్‌కి ఏమీ తెలియదు. పక్కపక్క అంకెల మధ్య తేడా సరిగ్గా అయిదైతే, అంటే 0–5, 1–6, 2–7, 3–8, 4–9 అయితే, ఈ కాపలావాడు నిద్రపోతాడన్నమాట. ఒకటి విడిచి ఒకటి ఉన్న అంకెల్ని తారుమారు చేసినా అంతే, రెండింటి బరువూ ఒకటే కాబట్టి. పుస్తకాల్లో దీన్నొక చిన్న లోపంగా రాస్తారు. నాకైతే అసలు సంగతంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. కాపలా పెట్టేవాడు ఏ దొంగ ఎక్కువగా వస్తాడో లెక్కేసుకునే పెడతాడు. అందర్నీ పట్టుకోవాలంటే ఖర్చు పెరుగుతుంది.

బార్‌కోడ్ కథ చాలామందికి తెలుసు, గబగబా చెప్పేస్తాను. నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరికి 1952లో అమెరికాలో పేటెంటు వచ్చింది. దాన్ని చవగ్గా చదివే యంత్రాలు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఐబీఎంలో జార్జ్ లారర్ రూపొందించిన గీతల పద్ధతిని 1973లో కిరాణా వ్యాపారులు ఒప్పుకున్నారు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌కి మొట్టమొదటిసారి అలా బిల్లు పడింది. అదే 1974లో ఇక్కడ మన గోదావరి మీద రైలూ రోడ్డూ కలిసిన వంతెన మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు, కానీ ఒక చమత్కారం ఉంది. ఈసారి గూడ్సు బండి గోదావరి దాటుతుంటే వ్యాగన్ పక్కన తెల్లరంగుతో రాసిన నంబరు చూడండి. పదకొండు అంకెలుంటాయి. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, ఆపైన రెండు తయారైన ఏడాది, ఆపైన నాలుగు వరస నంబరు. పదకొండోది తనిఖీ అంకె. లెక్క అచ్చంగా డబ్బా మీద లెక్కే: సరి స్థానాలవి మూడుతో హెచ్చవేసి, బేసివి కలిపి, పదికి చేర్చడం. చిన్నప్పుడు పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం కదా, ఇప్పుడు నంబర్లు సరిచూడొచ్చు. బండి కాస్త నెమ్మదిగా వెళ్తే!

సరే, కోరుమిల్లి వద్దాం. కపిలేశ్వరపురం దగ్గర కోరుమిల్లి. అక్కడ దొరికిన రాగిరేకుల శాసనం ఒకటుంది, రాజరాజనరేంద్రుడిది. రాజమహేంద్రవరం ఏలినవాడు, నన్నయ్యగారి చేత భారతం మొదలుపెట్టించినవాడు. ఆ శాసనంలో ఆయన పట్టాభిషేకం ఎప్పుడు జరిగిందో ఒక సంస్కృత శ్లోకంలో చెప్పారు. శక సంవత్సరాన్ని అంకెల్లో రాయలేదు, మాటల్లో చెప్పారు. వేదాలంటే నాలుగు, సముద్రాలంటే నాలుగు, నిధులంటే తొమ్మిది. కుడి నుంచి ఎడమకి చదువుకోవాలి కాబట్టి 944. దానికి 78 కలిపితే క్రీస్తుశకం 1022. అక్కడితో ఆగలేదు. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం, తులా లగ్నం. ఇంత చెప్పారు.

ఎందుకింత? "ముహూర్తం గొప్పది అని చెప్పుకోవడానికి" అని మామూలుగా అంటాం. నిజమే, రాయించినవాళ్ల ఉద్దేశం అదే అయ్యుంటుంది. కానీ వెయ్యేళ్ల తర్వాత చదివేవాడి వైపు నుంచి చూడండి. తేదీకి సంవత్సరం, మాసం, తిథి చాలు. మిగతావన్నీ అదనం. అచ్చం పదమూడో అంకెలాగే.

ఆ అదనం ఎలా పనికొస్తుందో చూడండి. రేకు చెక్కేవాడు బహుళ విదియ బదులు శుద్ధ విదియ అని చెక్కాడనుకుందాం. ఒక్క మాట తేడా. సూర్యుడు సింహంలో ఉండగా శుద్ధ విదియ నాడు చంద్రుడు సూర్యుడికి కాస్త ముందే ఉంటాడు, అంటే మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, ఆ దాపుల్లో. ఉత్తరాభాద్ర ఆకాశంలో దాదాపు అవతలి కొసన ఉంది. అంటే నక్షత్రం వెంటనే "ఇది తప్పు" అని చెప్పేస్తుంది. బహుళ విదియ అయితే చంద్రుడు పౌర్ణమి దాటి ఒకడుగు వేసి ఉంటాడు, సరిగ్గా కుంభ మీనాల దగ్గర. ఉత్తరాభాద్ర అక్కడే ఉంది. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం.

ఇంకో తప్పు ఊహించండి, ఇది మరీ గట్టిది. శక సంవత్సరాలు చెప్పేటప్పుడు పాతవాళ్లు కొందరు గడిచిపోయిన సంవత్సరాల లెక్క చెప్పేవారు, కొందరు నడుస్తున్న సంవత్సరం చెప్పేవారు. 944 నడుస్తున్నదా, గడిచిందా? ఏడాది తేడా వచ్చేస్తుంది: 1021 లేదా 1022. 1021 ఆగస్టు చివర్లో కూడా సూర్యుడు సింహంలో ఉండగానే బహుళ విదియ వచ్చింది, చంద్రుడు ఉత్తరాభాద్ర వైపే ఉన్నాడు. అంటే నక్షత్రం కాపలాకి పనికిరాలేదు. ఇక్కడ వారం అడ్డు పడుతుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, అంటే యాభై వారాల మీద నాలుగు రోజులు. ఏడాది వెనక్కి వెళ్తే అదే తిథి గురువారం నుంచి నాలుగు రోజులు వెనక్కి జరిగి ఆదివారం అటూఇటూగా పడుతుంది. గురువారం కాదు. కాబట్టి 1022. ఇలా లెక్కించినవాళ్లు తేల్చిన తేదీ 1022 ఆగస్టు 16.

అది నిజంగా గురువారమేనా? నేను కూడా నమ్మకుండా సరిచూశాను. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఆ రోజుల లెక్క జూలియన్ కేలండర్‌లో ఉంటుంది. అందులో ప్రతి 28 ఏళ్లకీ వారాలు మళ్లీ మొదటికొస్తాయి. 1022కి 560 కలపండి, ఇరవై సార్లు ఇరవై ఎనిమిది. 1582 వచ్చింది. అంటే 1022 ఆగస్టు 16 ఏ వారమో, 1582 ఆగస్టు 16 కూడా అదే వారం. ఇప్పుడు 1582లో ఒక విశేషం ఉంది. యూరప్‌లో పోపు గ్రెగరీ కేలండర్ మార్చిన ఏడాది అది. పాత కేలండర్‌లో ఆఖరి రోజు అక్టోబర్ 4, గురువారం. మర్నాడే శుక్రవారం అక్టోబర్ 15 అన్నారు. ఇది లోకమంతా ఒప్పుకున్న సంగతి. ఆగస్టు 16 నుంచి అక్టోబర్ 4కి ఎన్ని రోజులు? పదిహేను, ముప్పై, నాలుగు. నలభై తొమ్మిది. సరిగ్గా ఏడు వారాలు. కాబట్టి ఆగస్టు 16 గురువారమే! నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు లేచి వరండాలోకి వెళ్లి ఒక చుట్టు తిరిగొచ్చానండి. వెయ్యేళ్ల కిందట ఎవరో కంసాలి సుత్తితో చెక్కిన ఒక్క మాట, రోములో మార్చిన కేలండర్‌తో సరిపోయింది.

ఈ తేదీ అంత ముఖ్యమా అంటారా? ముఖ్యమే. రాజరాజు తండ్రి విమలాదిత్యుడి పాలన 1018 ప్రాంతంలో ముగిసిందంటారు. పట్టాభిషేకం 1022లో. మధ్యలో ఆ నాలుగేళ్లు ఏం జరిగింది? రాజరాజు చోళుల ఆడపడుచు కుందవ కొడుకు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు. సింహాసనం కోసం వాళ్లిద్దరి మధ్య పోరు చాలాకాలం నడిచింది. పట్టాభిషేకం తేదీ ఏడాది అటూఇటూ అయితే ఆ కథంతా జరుగుతుంది. నన్నయ్యగారి భారతం కాలం కూడా ఈ మేకుకే వేలాడుతోంది.

శాసనాల తేదీలు ఇలా సరిచూడ్డానికి రాబర్ట్ సెవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి 1896లో ఒక పెద్ద పట్టికల పుస్తకం వేశారు. తర్వాత స్వామికణ్ణు పిళ్లైగారు ఇంకా పెద్ద పంచాంగం తయారుచేశారు. వాటితో చూస్తే కొన్ని శాసనాల్లో వారం సరిపోదు. అప్పుడు చెక్కినవాడి పొరపాటా, తర్వాతెవరో భూమి కాజేయడానికి పుట్టించిన దొంగ శాసనమా అన్న అనుమానం వస్తుంది. అలాగని వారం సరిపోయినంత మాత్రాన అసలుదే అని చెప్పలేం. పంచాంగం తెలిసిన దొంగ వారం కూడా సరిగ్గానే వేస్తాడు కదా. గుడ్డిగా వేసినా ఏడింట ఒకసారి సరిపోతుంది. బార్‌కోడ్ పదింట ఒకసారి. ఇది పొరపాటుని పట్టుకునే సాధనమే గానీ మోసాన్ని పట్టుకునేది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రాజరాజు పేరెత్తాక పావులూరి మల్లన్నని వదిలేసి పోతే బాగుండదు. పిఠాపురం దగ్గర నవఖండవాడ అగ్రహారం ఆయనకి రాజరాజు ఇచ్చాడని చెప్తారు. ఆయన రాజరాజు కాలం వాడా, ఇంకో రెండు తరాల తర్వాత వాడా అని సాహిత్య చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడీయన. మహావీరుడి పుస్తకంలో కంఠహారాల్లాంటి గుణకారాలుంటాయి. 139ని 109తో హెచ్చవేస్తే 15151. 142857143ని ఏడుతో హెచ్చవేస్తే 1000000001, రెండు చివర్లా రెండు పూసలు, మధ్యంతా సున్నాలు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే హారం తెగిపోతుంది. గురువుగారు దిద్దక్కర్లేదు, జవాబే చెప్పేస్తుంది. సరదా కోసం పెట్టారని అందరూ అంటారు. నాకు మాత్రం అందులో బడిపంతులి తెలివి కనిపిస్తుంది.

మామూలు లెక్కలకి జవాబు హారంలా రాదు కదా. దానికి తొమ్మిదులు కొట్టేసే పద్ధతి ఉంది. రెండో ఆర్యభటుడు పదో శతాబ్దంలో రాసిన మహాసిద్ధాంతంలో ఇది ఉంది. 152207ని 73తో హెచ్చవేస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయి: 11111111. మొదటి సంఖ్య అంకెలన్నీ కూడితే 17, మళ్లీ కూడితే 8. 73 అంటే 10, అంటే 1. ఎనిమిదొకట్ల ఎనిమిది. జవాబులో అంకెలు కూడినా ఎనిమిదే. సరిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో నారాయణ పండితుడు, తొమ్మిదే ఎందుకు, ఏ సంఖ్యతో భాగించి అయినా ఇలా సరిచూడొచ్చు అన్నాడు. ఈ తొమ్మిదుల పద్ధతిలో కూడా చిల్లుంది: అంకెలు తారుమారైతే పట్టదు. సున్నాకి తొమ్మిదికి తేడా తెలియదు.

అంటే ఇరవయ్యో శతాబ్దం దాకా ఈ ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయి. లెక్క అయిపోయాక సరిచూడ్డం ఒకటి. రాసేటప్పుడే అదనపు సాక్ష్యం పెట్టడం ఇంకొకటి. ఈ రెండూ కలిపి, నంబరులోనే శేషాన్ని ఇరికించేస్తే? ఐబీఎంలో హన్స్ పీటర్ లూన్ 1954లో అలాంటి ఒక చేతి పరికరానికి పేటెంటు కోసం అర్జీ పెట్టాడు, 1960లో వచ్చింది. మీ ఏటీఎం కార్డు నంబరులో చివరి అంకె ఆయన లెక్కే. 1969లో నెదర్లాండ్స్‌లో యాకోబస్ వెర్హూఫ్ అసలు మనుషులు నంబర్లు రాసేటప్పుడు ఏ తప్పులు చేస్తున్నారో పోగేశాడు. నూటికి 79 దాకా ఒక్క అంకె తప్పులే. పది దాకా పక్కపక్క అంకెలు తారుమారు. ఆ రెండు రకాలూ ఒక్కటి కూడా తప్పించుకోకుండా ఒక పద్ధతి కట్టాడు. మామూలు కూడికలో మూడూ అయిదూ, అయిదూ మూడూ ఒకటే. ఆయన పంచభుజిని తిప్పడం, బోర్లించడం తీసుకున్నాడు. ముందు తిప్పి తర్వాత బోర్లిస్తే ఒకలా వస్తుంది, ముందు బోర్లించి తర్వాత తిప్పితే ఇంకోలా. వరస మారితే ఫలితం మారుతుంది, చిల్లు పూడింది. మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె వెర్హూఫ్‌దే. 2012లో తూర్పుగోదావరి జిల్లాలో కొన్ని చౌకధరల దుకాణాల్లో ఆధార్‌తో సరుకులిచ్చే ప్రయోగం మొదలైంది. ఆ మిషన్ మీద తప్పు నంబరు కొడితే, వేలిముద్ర దాకా వెళ్లకుండానే తప్పని చెప్పడానికి వీలు కల్పించేది ఆ అంకే.

అయితే తనిఖీ అంకె లేని నంబర్లు మన జీవితంలో చాలానే ఉన్నాయి. పిన్‌కోడ్ చూడండి, 1972లో వచ్చింది, ఆరంకెలు, కాపలా లేదు. 533 బదులు 531 రాస్తే విశాఖ వైపు పోతుంది. కానీ కవరు మీద ఊరి పేరుంటుంది. సార్టింగులో ఎవరో ఒకరు చూసి "ఇది మనది కాదు" అంటారు. పేరే తనిఖీ అంకె. ప్రోనోటు మీద పదివేలు అని అంకెల్లో వేసి, పక్కన 'అక్షరాలా పదివేల రూపాయలు మాత్రమే' అని రాస్తాం కదా, అదీ అంతే. రెండూ తేడా వస్తే ఏది నమ్మాలో కూడా 1881 నాటి చట్టం చెప్పింది: అక్షరాల్లో ఉన్నదే లెక్క.

ఇక మా బాబాయి సంగతి. రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు తోలే రైతు. ఎరువుల కొట్టుకి కట్టాల్సిన డబ్బు బ్యాంకు ద్వారా పంపాడు, పద్దెనిమిది వేల చిల్లర. చీటీ మీద ఖాతా నంబరు ఎక్కించుకోవడంలో రెండంకెలు తారుమారయ్యాయి. కింద కొట్టువాడి పేరు శుభ్రంగా రాశాడు. డబ్బు వెళ్లిపోయింది, ఎవరో తెలియని మనిషి ఖాతాలోకి. బ్యాంకులో అడిగితే "నంబరు ఉన్న నంబరే కదండీ, పేరు చూడం, జమ అయ్యేది నంబరు మీదే" అన్నారు. వాళ్లు చెప్పింది నిబంధనే. ఖాతా నంబర్లకి దేశమంతటికీ ఒకే నమూనా లేదు, ఒక్కో బ్యాంకుది ఒక్కో పొడవు, ఒక్కో పద్ధతి. బాబాయి రాసిన పేరు, అంటే ఆయన పెట్టిన సాక్ష్యం, అక్కడే ఉంది. దాన్ని చదివేవాళ్లే లేరు. కోరుమిల్లి రేకు మీద గురువారం అని చెక్కి ఉంటే చదవకుండా పక్కన పెట్టేసినట్టు. డబ్బు వెనక్కి రావడానికి రెండు నెలలు, నాలుగు అర్జీలు పట్టింది. ఆ తెలియని మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆ రెండు నెలలూ ఎరువుల కొట్టు దగ్గర బాబాయి తలెత్తుకోలేకపోయాడు, "పంపానన్నావు, ఏదీ?" అని వాళ్లడుగుతుంటే.

2024 డిసెంబర్ ఆఖర్లో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశమిచ్చింది. డబ్బు పంపేముందు ఆ నంబరు ఎవరి పేరు మీదుందో పంపేవాడికి చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టమని. ఇప్పుడు నంబరు కొట్టగానే పేరు వస్తుంది. బాబాయికి ఫోనులో చూపించాను. పేరు చదివాడు, తలూపాడు. అయినా ముందు ఒక్క రూపాయి పంపి, కొట్టుకి ఫోన్ చేసి "పడిందా?" అని అడిగి, "పడిందండి" అన్నాకే మిగతాది పంపుతున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ధవళేశ్వరం ఆనకట్ట రాళ్ల లెక్కల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.